బహుమానపు టిక్కెట్టు – బాటసారి పద్దు

పూర్వము మనవారు దూరప్రయాణమునకు బయలుదేరునప్పుడు రొక్కమును సంచిలో పోసి నడుమునకు కట్టుకొనెడివారు. దారిలో దొంగల భయము కలవారు తమ ఊరి షాహుకారునకు సొమ్ము చెల్లించి, అతడు వ్రాసి యిచ్చిన హుండీని వెంట తీసికొని పోయి, చేరిన పట్టణమున దానిని చూపి రొక్కము పుచ్చుకొనెడివారు. నేడు ఆ హుండీ యుండిన చోటికి అరచేతిలో ఇమిడెడి క్రెడిట్ కార్డు వచ్చి చేరినది. హుండీకిని కార్డునకును రెండు భేదములు కలవు. హుండీకి ముందుగా సొమ్ము కట్టవలెను. కార్డుతో ముందు ఖర్చుచేసి తరువాత కట్టవచ్చును. రెండవ భేదము మరింత విచిత్రమైనది. ఖర్చుచేసినందులకు కార్డు మనకే బహుమానము నిచ్చును! ఇంత ఖర్చుచేసినచో ఇన్ని పాయింట్లు. ఇన్ని పాయింట్లు కూడినచో ఒక విమానపు టిక్కెట్టో, ఒక హోటలు గదియో, విమానాశ్రయపు విశ్రాంతిశాలలో ఒకపూట ఫలాహారమో లభించునని చెప్పుచున్నారు.

ఈ మాట వినని పట్టణ కుటుంబము నేడు అరుదు. కావున మూడు ప్రశ్నలను విచారించుట మంచిది. ఈ బహుమానము ఎచ్చటినుండి వచ్చుచున్నది? అది నిజముగా ఎవరికి దక్కుచున్నది? టిక్కెట్టు దక్కిన తరువాత ఆ ప్రయాణము మనకు ఏమి మిగుల్చును?

కార్డు కథ చాల పాతది కాదు. 1950లో అమెరికాలోని న్యూయార్కు నగరమున ఫ్రాంక్ మెక్నమారా అను వ్యాపారియు అతని సహచరులును డైనర్స్ క్లబ్బు అను సంస్థను స్థాపించిరి. దానిలో సభ్యులైనవారు భోజనశాలలలో రొక్కము ఇయ్యక, కార్డు చూపి సంతకము చేసి, తరువాత లెక్క తీర్చెడివారు. ప్రయాణపు బహుమానములు మరి ముప్పది యేండ్లకు వచ్చినవి. 1981 మే 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన విమానములలో తరచుగా ప్రయాణించువారి దూరమును మైళ్లలో లెక్కకట్టి, అవి తగినన్ని కూడినప్పుడు టిక్కెట్టు నిచ్చు పథకమును ఆరంభించెను. 1987లో ఆ పథకము ఒక బ్యాంకు కార్డుతో ముడిపడెను. అనగా, విమానము ఎక్కకయే, బజారులో సామాను కొనుచు మైళ్లు కూడబెట్టుకొను వీలు కలిగెను. నేడు మనము పాయింట్లు అని పిలుచునవి ఆ మైళ్ల సంతానమే.

మన దేశమున క్రెడిట్ కార్డును తొలిగా తెచ్చిన బ్యాంకులలో తెలుగువారి బ్యాంకు ఒకటి యుండుట విశేషము. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే ఈ కార్డును ప్రవేశపెట్టెను. 2020 ఏప్రిల్ 1వ తేదీన ఆ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. పేరు పోయినను, అది వేసిన బాటలో నేడు దేశమందలి అనేక బ్యాంకులు నడచుచున్నవి.

ఇక మొదటి ప్రశ్న. బహుమానము ఎచ్చటినుండి వచ్చును? మీరు ఒక బట్టల దుకాణములో వేయి రూపాయల చీర కొని కార్డు చూపితిరనుకొనుడు. దుకాణదారునకు వేయి రూపాయలును చేరవు. నూటికి ఒకటి రెండు రూపాయల చొప్పున, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, రుసుముగా తరిగిపోవును. ఆ రుసుమును కార్డు నిచ్చిన బ్యాంకు, దుకాణదారుని బ్యాంకు, రెండింటిని కలిపెడి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి సంస్థలు పంచుకొనును. ఇది మొదటి ఊట. కార్డునకై మనము కట్టెడి వార్షిక రుసుము రెండవ ఊట. గడువులోపల పూర్తి బాకీ తీర్చనివారు కట్టెడి వడ్డీయు, ఆలస్యపు రుసుములును మూడవ ఊట. మనకు వచ్చెడి పాయింట్లు ఈ మూడు ఊటలలోని నీటినుండి తోడిన చెంబెడు నీరు. అందు మూడవ ఊట ఎవరిదో గమనింపవలెను. లెక్క చూచుకొనువాని టిక్కెట్టులో కొంత భాగమును లెక్క చూచుకొననివాడు చెల్లించుచున్నాడు.

రెండవ ప్రశ్నకు సమాధానము చిన్న లెక్కలో కలదు. ఒక కుటుంబము నెలకు 20,000 రూపాయలు కార్డుపై ఖర్చుచేసినదనుకొందము. నూరు రూపాయలకు 2 పాయింట్లు చొప్పున 400 పాయింట్లు వచ్చినవి. పాయింటు విలువ అర్ధరూపాయి అయినచో 200 రూపాయల బహుమానము. బిల్లు పూర్తిగా కట్టినవారికి ఈ 200 రూపాయలును నిజముగా లాభమే. కాని బిల్లుపై ఒక మూలను, కనీసము కట్టవలసిన మొత్తము అని యింకొక చిన్న అంకె యుండును. అది నూటికి 5 వంతున 1,000 రూపాయలు అనుకొందము. ఆ చిన్న అంకె కంటికి ఇంపుగా కనబడి, దానినే కట్టినచో 19,000 రూపాయలు బాకీ నిలిచిపోవును. నెలకు నూటికి మూడున్నర చొప్పున దానిపై వడ్డీ 665 రూపాయలు. ఆ వడ్డీపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. సుమారు 120 రూపాయలు. వెరసి 785 రూపాయలు. రెండు వందల బహుమానమునకై ఏడువందల ఎనుబదియైదు రూపాయలు కట్టినట్లయినది! వడ్డీని సాధారణముగా వస్తువు కొన్న దినమునుండియే లెక్కింతురు గనుక నిజమైన మొత్తము ఇంకను ఎక్కువ. నెలకు మూడున్నర అనగా ఏడాదికి నూటికి 42 రూపాయలు. ఊరిలో ధర్మవడ్డీ నెలకు నూటికి ఒక రూపాయి అని వాడుక. ఇది దానికి మూడున్నర రెట్లు.

అంతటితో పోదు. పాత బాకీ కొంచెము మిగిలినను, ఆ నెలలో చేసిన కొత్త కొనుగోళ్లకు సైతము వడ్డీలేని గడువు పోవును. కార్డుతో ఏ.టి.ఎం. నుండి రొక్కము తీసినచో ఆ గడువు మొదటినుండియే లేదు; తీసిన దినముననే వడ్డీ మొదలగును. విదేశములలో కార్డు వాడినపుడు మారకపు రుసుముగా నూటికి 2 మొదలు మూడున్నర రూపాయల వరకు అదనముగా పడుట కలదు. బహుమానము నూటికి ఒకటియై, రుసుము మూడున్నర అయినప్పుడు ఏది ఎక్కువయో పసిపిల్లవాడును చెప్పగలడు.

వినియోగదారుల రక్షణకై రిజర్వు బ్యాంకు 2022లో వివరమైన ఆదేశములను జారీచేసినది. అడుగనివారికి కార్డు పంపరాదనియు, గడువు తేదీ దాటి మూడు దినములు మించిన తరువాతనే ఆలస్యపు రుసుము వేయవలెననియు, బాకీ లేని కార్డును మూసివేయుమని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెననియు, అట్లు మూయనిచో దినమునకు 500 రూపాయల చొప్పున ఖాతాదారునకు చెల్లింపవలెననియు వానిలో కలదు. కనీసపు మొత్తమునే కట్టుచు పోయినచో బాకీ తీరుటకు ఎంతకాలము పట్టునో బిల్లులోనే హెచ్చరింపవలెననియు చెప్పబడినది. అయినను హెచ్చరికను చదువవలసినవారము మనమే కదా.

పాయింట్లను గూర్చి మరియొక సంగతి. అవి రొక్కము కావు. సంస్థ యిచ్చిన మాట మాత్రమే. ఒకే పాయింటునకు వస్తువు కొన్నపుడు ఒక విలువ, టిక్కెట్టు కొన్నపుడు వేరొక విలువ యుండును. ఇంటి అద్దె, పెట్రోలు వంటి ఖర్చులకు అనేక కార్డులు పాయింట్లే ఇయ్యవు. గడువు తీరిన పాయింట్లు మాసిపోవును. సంస్థలును శాశ్వతములు కావు. జెట్ ఎయిర్‌వేస్ విమానములు 2019 ఏప్రిల్ 17వ తేదీన నిలిచిపోయినవి. విస్తారా సంస్థ 2024 నవంబరు 12వ తేదీన ఎయిరిండియాలో కలిసిపోయినది. ఇట్లు సంస్థలు మారునప్పుడెల్ల వాని బహుమానపు నియమములును మారుచుండును. కావున పాయింట్లను ముసలితనమునకై దాచుకొను బంగారమువలె కాక, మజ్జిగవలె చూడవలెను. పులియకముందే వాడుకొనుట తెలివి.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి కార్డును వాడవలదని తీర్మానింప నక్కరలేదు. నాలుగు నియమములు పాటించు కుటుంబమునకు అది మంచి సేవకుడు. పాయింట్ల కొరకు ఏ వస్తువును కొనరాదు. కొనదలచిన వస్తువును మాత్రమే కార్డుతో కొనవలెను. బిల్లు మొత్తము గడువు తేదీన బ్యాంకు ఖాతానుండి తనంతట చెల్లునట్లు ఏర్పాటు చేసికొనవలెను. ఏడాదికొకసారి, కట్టిన వార్షిక రుసుమును, వచ్చిన బహుమానమును ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను. నాలుగవది, కార్డుపై ఖర్చుచేసిన ప్రతి మొత్తమును ఆ సాయంత్రమే పద్దు వ్రాయవలెను. ఈ నాలుగవ నియమమే తక్కిన మూడింటికి వేరు. కార్డుతో చెల్లించునప్పుడు చేతినుండి నోటు జారినట్లు తోచదు. పద్దు వ్రాయునప్పుడు తోచును.

ఈ పద్దు వ్రాసెడి అలవాటే మన మూడవ ప్రశ్నకును దారి చూపును. బహుమానపు టిక్కెట్టు మనుష్యుని ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చును. చేరిన తరువాత చూచుట, వినుట, జ్ఞాపకముంచుకొనుట మన పని. నాలుగు దినములలో ఏడు ఊళ్లు తిరిగి, ప్రతి గుడి ముందర ఒక ఫొటో తీసికొని, ఇంటికి వచ్చిన తరువాత ఏ గోపురము ఏ ఊరిదో చెప్పలేక తికమకపడువారు మన బంధువర్గములోనే కనబడుదురు. వారికి పాయింట్లు చేరినవి, ప్రయాణము చేరలేదు.

ఈ విషయమున మనకొక గొప్ప తెలుగు యాత్రికుడు మార్గదర్శి. ఆయన ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరు, 1830 మే నెలలో నూరుమందికి మించిన పరివారముతో కాశీకి బయలుదేరి, తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా చూచుకొని, సముద్రతీరపు మార్గమున జగన్నాథము, ఉత్తరసర్కారుల మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి చెన్నపట్టణము చేరిరి. పదునైదు నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణమున, దారి ఎట్లున్నది, మజిలీకి వసతి కలదా, ఏ ఊరిలో ఏ వస్తువులు దొరకును, ఏ నది ఎట్లు దాటవలెను, జనుల ఆచారములు ఎట్టివి అను విషయములను వ్రాసి, తమ మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచు వచ్చిరి. వీరాస్వామయ్యగారు 1836లో మరణించిరి. 1838లో శ్రీనివాసపిళ్లగారు ఆ వ్రాతలను కాశీయాత్రచరిత్ర అను పేర ప్రకటించిరి. పల్లకీలు, గుడారములు, పరివారము అన్నియు కాలగర్భమున కలసిపోయినవి. దారిలో వ్రాసిన పుటలు మాత్రము నేటికిని తెలుగు కుటుంబములకు అందుబాటులో నున్నవి.

మనమందరము గ్రంథకర్తలము కానక్కరలేదు. పది రూపాయల నోటుపుస్తకము ఒకటి చాలును. ప్రతి రాత్రి పది నిమిషములు. ఎడమ పుటలో ఆనాటి ఖర్చు: కార్డుతో ఎంత, రొక్కముతో ఎంత, దేనికి. కుడి పుటలో ఆనాడు చూచినది, విన్నది, తిన్నది. ఎడమ పుట ఇంటికి వచ్చిన తరువాత బిల్లు చూచి గుండె గుభేలుమనకుండ కాపాడును. కుడి పుట మరుసటి దినమున కన్నులను తెరిపించును. సాయంత్రము వ్రాయవలసియున్నదని ఎరిగినవాడు ఉదయము మరింత శ్రద్ధతో చూచును.

రెండవ అలవాటు, పోవుటకు ముందు కొంచెము చదువుట. రైలు రిజర్వేషను గడువు 2024 నవంబరు 1వ తేదీనుండి 120 దినములనుండి 60 దినములకు తగ్గింపబడినది. టిక్కెట్టు తీసికొన్న దినమునుండి బయలుదేరు దినము వరకు మిగిలిన కాలములో చూడబోవు స్థలమును గూర్చి ఒక్క పుస్తకమైన చదువవచ్చును. అమరావతిని తీసికొనుడు. ఏమియు చదువక పోయినవానికి అచ్చట మహాస్తూపపు పునాదియు, కొన్ని రాళ్లును కనబడును. అరగంటలో తిరిగి వచ్చును. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూచిన తరువాత క్రమముగా వెలికివచ్చిన శిల్పములలో పెక్కు చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియమునకును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకును చేరినవని చదివినవానికి, ఆ పునాదిపై నిలిచిన స్తూపము మనస్సులో లేచి నిలుచును. వైద్యమునకై చెన్నై పోయినవారు ఒక పూట ఎగ్మూరులో గడపవచ్చును. లండనులో చదువుకొనుచున్న కుమార్తెను చూడబోయిన గుంటూరు దంపతులు బ్రిటిష్ మ్యూజియమునకు పోయి, తమ కృష్ణాతీరపు శిల్పములను చూడవచ్చును. దాని సాధారణ ప్రదర్శనశాలలకు ప్రవేశరుసుము లేదు. వారి ప్రయాణమంతటిలో ఉత్తమమైన గంటకు ఒక్క పాయింటైనను ఖర్చు కాకపోవచ్చును.

మూడవ అలవాటు, ఒకచోట తాళి నిలిచి చూచుట. పాలంపేటలోని రామప్పగుడి 1213 నాటిది. కాకతీయ గణపతిదేవుని కాలమున రేచర్ల రుద్రుడను సేనాని కట్టించినది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. నీటిపై తేలెడి ఇటుకల మాట విని, ఒక ఫొటో తీసికొని వెడలిపోవువారు పెక్కురు. ఒక ప్రదక్షిణము శిల్పముల కొరకు, మరియొకటి కేవలము వెలుతురు కొరకు చేయుడు. మండపపు అంచులను మోయుచున్నట్లు నిలిచిన నల్లరాతి మదనికల ముఖములపై ఉదయపు ఎండ ఒకరీతిని, సాయంకాలపు నీడ వేరొకరీతిని పడును. ఆ భేదమును చూచుటకు ఒక పూట ఆగవలెను. ఊళ్లు తగ్గించుకొన్నవారికి టాక్సీల ఖర్చును తగ్గును. ఎడమ పుటయు సంతసించును.

నాలుగవది, పోయిన చోటి భాషలో నాలుగు మాటలు నేర్చుట. "ఎంత?" అని అడుగుటకు తమిళమున "ఎవ్వళవు", కన్నడమున "ఎష్టు", మరాఠీలో "కితీ", ఒడియాలో "కేతే" అనవలెను. ఈ ఒక్క మాటతో బేరము కుదరకపోవచ్చును గాని, అవతలివాని ముఖమున చిరునవ్వు వచ్చును. ఆ చిరునవ్వు వెంట మంచి ఇడ్లీ ఎచ్చట దొరకును, ఏ బస్సు ఎక్కవలెను, గుడి తలుపులు ఎప్పుడు తెరతురు అను సమాచారము వచ్చును. విమానాశ్రయపు విశ్రాంతిశాలలో ఏ ఊరిలోనైనను ఇంచుమించు ఒకే ఫలాహారము. ఆ ఊరి రుచి ఆ ఊరి వీధిలోనే యుండును. పైగా, ఇటీవల అనేక బ్యాంకులు గడచిన త్రైమాసికమున ఇంత ఖర్చుచేసినవారికే విశ్రాంతిశాలలో ప్రవేశమని నియమములు పెట్టినవి. ఒకపూట ఉచిత ఫలాహారమునకై వేలకొలది రూపాయలు అనవసరముగా ఖర్చుచేయుట ఎట్టి వ్యాపారమో గృహిణులు ఎరుగుదురు.

ఈ అలవాట్లలో ఏదియు ధనికులకు మాత్రమే సాధ్యమైనది కాదు. ఇరువది మైళ్ల దూరమున నున్న మేనమామగారి ఊరికి బస్సులో పోవునప్పుడును వీనిని అభ్యసింపవచ్చును. పిల్లలచేత కుడి పుట వ్రాయించినచో వారికి వ్రాతయు, చూపును అబ్బును. ఎడమ పుట కూడిక వారిచేత చేయించినచో, పెద్దవారై తమ పేర కార్డు వచ్చిన దినమున, బిల్లులోని పెద్ద అంకెను విడిచి చిన్న అంకెను చూచెడి పొరపాటు చేయరు.

రానున్న సెలవులలో ప్రయాణము తలపెట్టినవారు టిక్కెట్టుతో పాటు ఒక నోటుపుస్తకమును కొనుడు. తిరిగి వచ్చిన వారము లోపల ఎడమ పుటల మొత్తమును బిల్లుతో సరిచూచి, పూర్తిగా చెల్లింపుడు. అప్పుడు వచ్చిన పాయింట్లు నిజమైన బహుమానములు. ఆ రాత్రి భోజనములైన తరువాత కుడి పుటలను ఇంటిల్లిపాదికి చదివి వినిపింపుడు. ప్రయాణమునకు రాలేని నాయనమ్మయు, అమ్మమ్మయు వినుటకు సిద్ధముగా నుందురు. వారు అడుగు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినచో, ఆ ఊరిని మీరు చూచినట్లే.